మట్టిలో కార్బన్ నిలిపితే డబ్బులిస్తామంటున్నారు, 20 ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చా?

మీది 7 ఎకరాల ఎర్రనేల, వర్షాధారం, వేరుశెనగ. అందులో 3 ఎకరాలు కౌలుకిచ్చారు. కార్బన్ క్రెడిట్లు అమ్మే సంస్థ వాళ్లు వచ్చి ఎకరాకు ఇంత అని ఆశ చూపుతుంటే నాన్నగారు ఊగిసలాడుతున్నారని రాశారు. నా మాటైతే ఇదండీ: వాళ్లు చెప్పే సాగు పద్ధతులు ఈ ఏడాదే మొదలుపెట్టండి, సంతకం మాత్రం ఇప్పుడే వద్దు. మాదీ అనంతపురం జిల్లాలో మెట్ట చేనే. మా ఊళ్లోనూ ఇలాంటి కాగితాలు తిరిగాయి. మట్టి నమూనాలు తీసినప్పుడు గడ్డపార పట్టుకుని వాళ్లతో పాటు తిరిగాను కాబట్టి చూసిందే చెబుతున్నాను.

ముందు లెక్క. ఒక కార్బన్ క్రెడిట్ అంటే గాలిలో చేరకుండా ఆపిన, లేదా గాలిలోంచి తీసి నేలలో నిలిపిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ఎకరా నేలలో అడుగు లోతు వరకు మట్టి బరువు సుమారు 1,700 టన్నులు ఉంటుంది. మీ భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.4 శాతం ఉండి, అది 0.5కి పెరిగిందనుకోండి. అంటే ఎకరాకు 1.7 టన్నుల కర్బనం చేరినట్టు. కర్బనాన్ని కార్బన్ డయాక్సైడ్ లెక్కకు మార్చడానికి దాన్ని 3.67తో హెచ్చిస్తే 6 టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. మన నేలలో ఆ 0.1 శాతం పెరగడానికి 5 ఏళ్లు పట్టిందనుకుంటే ఏడాదికి ఎకరాకు ఒకటింబావు క్రెడిట్. క్రెడిట్‌కు 1,000 రూపాయలు పలికినా వచ్చేది 1,250. అందులోంచి మట్టి పరీక్షలు, తనిఖీ, నమోదు ఖర్చు, సంస్థ వాటా పోవాలి. రేపు కర్బనం తగ్గితే పూడ్చడానికని కొన్ని క్రెడిట్లు పక్కన పెడతారు, అవీ పోవాలి. చేతికొచ్చేది ఒక బస్తా విత్తనం ఖర్చుకైనా సరిపోతుందా అన్నది మీరే వేసుకోండి. వాళ్లు చెప్పిన అంకె దీనికంటే బాగా ఎక్కువుంటే, అది ఎక్కణ్నుంచి వస్తుందో అడగాలి.

అసలు మన చేలల్లో కర్బనం ఎందుకు నిలవదో చూడండి. వరి కోస్తే మోడైనా మిగులుతుంది. వేరుశెనగను వేళ్లతో సహా పీకేస్తాం. కాయ మార్కెట్‌కు, కట్టె వామికి, వామి పశువులకు. ఆ పేడలో చేనికి తిరిగొచ్చేది కొంతే. కోత అయ్యాక మళ్లీ విత్తే దాకా నెలల తరబడి నేల బోసిగా ఎండలో కాలుతుంది, పైనుంచి గుంటక తోలి ఇంకా గుల్ల చేస్తాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఇలా చేస్తే ఉన్న కాస్త కర్బనమూ గాలిలో కలుస్తుంది.

ఈ ఖాళీ నెలల్ని పూడ్చడమే మాకు పనికొచ్చింది. తొలకరికి ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో వేస్తాం: జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, ఉలవ, పెసర, జనుము, ఆముదం, గోగు, ఏది దొరికితే అది. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం (పేడతో చేసే ఎండు ఎరువు), బూడిద పట్టించి ఆరబెడితే చీమలు ఎత్తుకుపోవు, చిన్న జల్లుకే మొలుస్తుంది. మొలిచినదాన్ని కాపాడటమే పెద్ద పని. ఎండాకాలంలో ఊరి గొర్రెలన్నీ బీడు చేలల్లోనే తిరుగుతాయి. పచ్చగా కనిపించేది మన చేను ఒక్కటే అయితే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే విత్తే ముందే కాపరులతో మాట్లాడుకోవాలి. మేమైతే కోత అయ్యాక మంద కట్టించుకుంటామని ఒప్పుకుని, వేసవిలో ఆ చేను వదిలేయమని అడిగాం. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. నేల మీద కప్పు ఉన్న చోట వాన తర్వాత తేమ ఎక్కువ రోజులు ఆగుతుంది, ఎరువు ఖర్చు తగ్గుతుంది. కార్బన్ డబ్బు రాకపోయినా ఇవి మనకు దక్కుతాయి.

ఇక కొలత సంగతి. నమూనా తీయడానికి ఇనుప రింగు నేలలోకి దిగ్గొట్టాలి, నిర్ణీత కొలతలో మట్టి ఎంత బరువుందో తేలడానికి. మా చేలో నాలుగు వేళ్లు దిగగానే రింగు గులకరాళ్లకు తగిలి వంకరపోయింది. పక్కకు జరిపి కొడితే అక్కడా అదే. వేపచెట్టు నీడలో, పశువులు కట్టేసే గట్టు దగ్గర తీసిన మట్టికి ఒక అంకె, నడి చేలో మట్టికి ఇంకో అంకె. వాటి మధ్య తేడానే ఐదేళ్లలో పెరుగుతుందనుకునే కర్బనం కంటే ఎక్కువ. అందుకే టన్నుల లెక్కన డబ్బిస్తామంటే నాకు నమ్మకం కుదరదు. ఏడాది పొడవునా నేల కప్పి ఉంచినందుకు, చేసిన పనికి, ఎకరా లెక్కన ఏటా ఇస్తామంటే అది న్యాయం. ఎండలో వంగి విత్తింది మనం. కొలత తప్పితే నష్టం మన మీద పడకూడదు.

ఇంకో అన్యాయం ఉంది. ఈ పథకాలు కొత్తగా మారినవాళ్లకే డబ్బిస్తాయి. కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ వెర్రా పద్ధతిలోనైతే వెనకటి కనీసం 3 ఏళ్ల సాగు ఎలా ఉందో చూస్తారు. 2016 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ కింద ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులున్నారు. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టులో సేంద్రియ సాగు చేయించే సెకెమ్ సంస్థతో కలిపి. కానీ ముందే మేలుకున్న ఆ రైతు చేస్తున్న పని కార్బన్ లెక్కలో కొత్తది కాదు. ఇది మారాలి, గట్టిగా అడగాలి.

మీ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ 3 ఎకరాల కౌలు. పాసుపుస్తకం నాన్నగారిది కాబట్టి సంతకం ఆయనదే, డబ్బు ఆయన ఖాతాకే. నవధాన్యాలు చల్లేది, గొర్రెల్ని కాసేది కౌలుదారు. ఆయన కౌలు ఏడాదికో రెండేళ్లకో, ఒప్పందం 20 ఏళ్లు. రేపు ఇంకో కౌలుదారు వచ్చి రెండు దుక్కులు ఎక్కువ దున్నితే మాట తప్పింది నాన్నగారే అవుతారు. మా ఊళ్లో ఈ ఒక్క ప్రశ్నకే సంస్థ తరఫున వచ్చినాయన దగ్గర జవాబు లేకపోయింది. కౌలుదారు పేరు ఒప్పందంలో ఉండాలి, ఆయన వాటా నేరుగా ఆయన ఖాతాలో పడాలి.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఒప్పందం మొత్తం తెలుగులో రాసిమ్మనండి. పొలం అమ్మినా, పంచుకున్నా, బోరు పడి చీనీ (బత్తాయి) తోట వేసుకున్నా ఏమవుతుంది? ప్రాజెక్టునే రద్దు చేస్తే? 2024లో చైనాలో 37 వరి ప్రాజెక్టుల్ని వెర్రా తిరస్కరించింది, అందుకే అడగమంటున్నాను. మధ్యలో తప్పుకుంటే ఇచ్చింది తిరిగి కట్టాలా? డబ్బు ఏటా ఇస్తారా, క్రెడిట్లు అమ్ముడుపోయాకా? వీటికి కాగితం మీద జవాబులొస్తే ఆ పేజీల ఫోటోలు ఇక్కడ పెట్టండి, పేర్లు కొట్టేసి. చదివి చెబుతాను. ఈలోగా ఏప్రిల్‌కు నవధాన్యాల విత్తనం సమకూర్చుకోండి, ముందు ఒక ఎకరాకు చాలు.