తేలిగ్గా ఈనే జాతి దొరుకుతుంది, మంద వెంట తిరిగేదెవరు?

ప్రశ్న: మాది మిడ్జిల్ దగ్గర పల్లెటూరు. పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తున్నాను. వయసు 36. చేతికి 42 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 28 వేల దాకా ఉంటుంది. నాన్న పేరు మీద 5 ఎకరాల ఎర్ర చెలక, ఒక బోరు ఉన్నాయి. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. మాంసం కోసం పెంచే విదేశీ ఆవుల వీడియోలు చూస్తుంటాను. ఆంగస్ అనే జాతి మనిషి సాయం లేకుండానే ఈనుతుందట, మొండి జాతి అంటున్నారు. నాకు వారానికి ఒక్కరోజే సెలవు. నైట్ డ్యూటీలో ఉండగా పశువు ఈనితే చూసేవారుండరు కాబట్టి అలాంటి జాతి అయితే టెన్షన్ ఉండదనిపిస్తోంది. ఎఫ్‌డీ తీసేసి, ఇంకో 3 లక్షలు గోల్డ్ లోన్ తీసుకుని మొదలుపెట్టమంటారా? ఏ జాతి అయితే మంచిది?

జవాబు: ముందుగా గోల్డ్ లోన్ ఆలోచన మానుకోండి. ఈ పనిలో మొదటి రూపాయి రావడానికి తక్కువలో తక్కువ పది నెలలు పడుతుంది. లోన్ వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే నడుస్తుంది.

ఆంగస్ గురించి మీరు విన్నది అబద్ధం కాదు. స్కాట్లాండ్‌లో పుట్టిన జాతి అది. నల్లగా, కొమ్ముల్లేకుండా ఉంటుంది. దూడ పుట్టినప్పుడు చిన్నగా ఉంటుంది కాబట్టి తల్లికి కాన్పు తేలిక. ఉద్యోగం చేసుకుంటూ పశువులు పెంచేవాళ్లు అక్కడ దాన్ని ఇష్టపడేది అందుకే. కానీ అది చలిదేశపు పశువు, మన పాలమూరు మే నెల ఎండకు పుట్టింది కాదు. అంతకన్నా పెద్ద అడ్డంకి చట్టం. మన దగ్గర 1977 నుంచి అమల్లో ఉన్న గోవధ నిషేధ చట్టం ప్రకారం ఆవును, ఆవు దూడను, బర్రె దూడను కూడా కోయకూడదు. ఎద్దులు, దున్నలకైతే ఇక పనికిరావని సర్టిఫికెట్ ఉండాలి. అమ్ముకునే దారి లేని సరుకు మీద 9 లక్షలు పెట్టమని నేను చెప్పలేను.

పాడి సంగతి రెండు మాటల్లో చెప్తాను. ముర్రా బర్రె అయినా జెర్సీ క్రాస్ అయినా రోజూ రెండు పూటలా పాలు పిండాల్సిందే, షిఫ్ట్ డ్యూటీతో కుదరదు. నల్లమల అంచున అమ్రాబాద్, పదర వైపు లంబాడీలు పెంచే పొడ తూర్పు ఆవులు అసలైన మొండి జాతి. కానీ వాటి ఆదాయమంతా దుక్కికి అమ్మే కోడెల మీదే, మేపడానికి అడవి కావాలి. మీకు ఆ రెండూ లేవు.

మీరు అడిగిన గుణాలన్నీ ఉన్నది మీ ఊళ్లోనే తిరిగే గొర్రె. ఆవు చూడి తొమ్మిది నెలల పైన, బర్రెది పది నెలలు. గొర్రె అయిదు నెలల్లో ఈనుతుంది. ముప్ఫై కిలోల తల్లికి రెండున్నర, మూడు కిలోల పిల్ల పుడుతుంది. ఉమ్మనీటి తిత్తి కనపడ్డాక మామూలుగా గంటలోపే ముందు కాళ్లు, వాటి మీద ఆనించిన మూతి బయటికి వస్తాయి. తల్లి నాకుతుంటే పిల్ల అరగంటలో లేచి పొదుగు వెతుక్కుంటుంది. ఆ మొదటి గంటలో జున్నుపాలు కడుపులో పడాలి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దాలి. తిత్తి పగిలి గంట దాటినా పిల్ల రాకపోతే, ఒక్క కాలే బయటికొస్తే, మీరు లాగకుండా పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేయండి. ఇంతకు మించి కాన్పు దగ్గర పని ఉండదు. ఆ మాత్రం పని మీ నాన్నగారికి నేను చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాను.

జాతి విషయానికి వస్తే మీ వైపు రెండే మాటలు వినపడతాయి. ఒకటి నల్ల ఉన్ని గొర్రె, అంటే దక్కనీ. ఎంత దూరమైనా నడుస్తుంది, గుట్టల మీద గడ్డిపోచలతోనూ బతుకుతుంది. దాని ఉన్నికి ఇప్పుడు ధర లేదు, కత్తిరింపు కూలి కూడా గిట్టడం లేదని కాపరులే అంటారు. రెండోది ఉన్ని లేని పొడవు కాళ్ల నెల్లూరు గొర్రె, అందులో జోడిపి అనే రకం. మన దేశపు గొర్రెల్లో ఎత్తయినది ఇదే. పిల్ల తొందరగా బరువెక్కుతుంది, కటికవాళ్లు దానికే రెండు వందలు ఎక్కువ పెడతారు. నా సలహా ఏమిటంటే తల్లులు మీ వైపే పెరిగిన నాటు గొర్రెలై ఉండాలి, పొట్టేలు మంచి జోడిపి అయితే చాలు. మొదటి ఈత గొర్రెల మీదికి మాత్రం మందలోకెల్లా పెద్ద పొట్టేలును వదలకండి. తేలిక కాన్పు కష్టమయ్యేది అక్కడే. ఒకే ఈతలో రెండేసి పిల్లల్ని ఇచ్చే నారి సువర్ణ గురించి కూడా మీకు వీడియోలు వచ్చే ఉంటాయి. రెండో పిల్లకు పాలు చాలక సీసా పట్టాల్సి వస్తుంది, వారానికి ఒకరోజు ఇంట్లో ఉండేవాళ్లకు అది పనికిరాదు.

అసలు చిక్కు జాతిలో లేదు, కాపరి జీతంలో ఉంది. నేను వేసిన లెక్క ఇది. ధరలు నా అంచనావి, మీ సంత ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. 40 గొర్రెలు తలకు 9 వేల చొప్పున 3 లక్షల 60 వేలు. రెండు పొట్టేళ్లు 28 వేలు. దొడ్డికి, జాలీకి 80 వేలు వేసుకుంటే పెట్టుబడి 4 లక్షల 68 వేలు. ఏడాదికి 34 పిల్లలు పుట్టి 30 దక్కాయనుకుందాం. అయిదు ఆడపిల్లల్ని మందలో ఉంచుకుని 25 పిల్లల్ని అయిదారు నెలల వయసులో 7 వేలకు అమ్మితే లక్షా 75 వేలు. ముసలి గొర్రెలు అయిదు తీసేస్తే ఇంకో 30 వేలు. మొత్తం 2 లక్షల 5 వేలు. ఇక ఖర్చు. కాపరికి నెలకు 12 వేలిస్తే ఏడాదికి లక్షా 44 వేలు. మందులు, దాణా, ఉప్పు ఇటుకలు 28 వేలు, ఇన్సూరెన్స్, రిపేర్లు 18 వేలు. కలిపి లక్షా 90 వేలు. మిగిలేది 15 వేలు. రెండు గొర్రెలు చస్తే అదీ ఉండదు. అదే డబ్బు 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే 32 వేల పైన వడ్డీ వస్తుంది.

ఇప్పుడు పాత పద్ధతి చూడండి. మీ ఊళ్లో సొంత మంద ఉన్న కాపరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు పాలుకు, అంటే పుట్టిన పిల్లల్లో చెరిసగం వాటాకు ఇవ్వండి. పెట్టుబడి లక్షా 94 వేలు. దొడ్డి అక్కర్లేదు, జీతమూ లేదు. 15 పిల్లలు దక్కితే సగంలో మీకు ఏడు వస్తాయి. రెండు ఉంచుకుని అయిదు అమ్మితే 35 వేలు, రెండు ముసలి గొర్రెలకు 12 వేలు. ఇన్సూరెన్స్, మందుల్లో మీ వాటా 9 వేలు తీసేస్తే 38 వేలు. ఒక గొర్రె పోయి కొత్తది కొన్నా 29 వేలు, అంటే దాదాపు 15 శాతం. ఎఫ్‌డీకి రెట్టింపు వచ్చినా ఎఫ్‌డీ అంత నమ్మకం ఉండదు. ఒక్క వానాకాలం రోగం తగిలితే రెండేళ్ల లాభం పోతుంది.

ఇందులో మీ పెట్టుబడిని కాపాడేది కాగితం. ఊళ్లో నోటిమాట మీద నడిచే పనే అయినా, మీరు రాసుకోండి. ఏ చెవి ట్యాగు నంబర్లు మీవి, చనిపోతే రుజువేమిటి, మందుల ఖర్చు ఎవరిది, పిల్లల్ని ఏ నెలలో పంచుకోవాలి, అమ్మకం ధర ఎవరు తేల్చాలి అన్న అయిదు విషయాలు చాలు. నిజం చెప్పాలంటే ట్యాగు లేని మందలో చచ్చేవన్నీ పట్నం ఉద్యోగివే అవుతాయి! ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఆ ట్యాగే ఆధారం. కేంద్ర పథకంలో రైతు కట్టాల్సింది ప్రీమియంలో 15 శాతమే కాబట్టి పశువుల దవాఖానలో అడిగి చేయించండి. చిటుక రోగం టీకా వానలకు ముందే పడాలి, తొలకరి లేత గడ్డి మేసినప్పుడే అది ఎక్కువగా కొడుతుంది. పీపీఆర్ (పారుడు రోగం) టీకా కూడా మరువద్దు.

కొనేటప్పుడు పెబ్బేరు సంతలో గాని ఊళ్లో గాని రెండు, నాలుగు పళ్లు వచ్చిన లేత వయసు గొర్రెల్నే చూడండి. రెండో ఈతది, వెంట పిల్ల ఉన్నది అయితే ఈనగలదని రుజువు కళ్లముందే ఉంటుంది. పొదుగు నొక్కి రెండు చన్నుల్లోనూ పాలు వస్తున్నాయో లేదో చూసుకోండి, గిట్టల సందు కుళ్లు వాసన వస్తోందేమో చూడండి. చవకగా వస్తున్నాయని పక్క రాష్ట్రం నుంచి లారీలో దించిన జీవాల జోలికి పోకండి.

మీ 6 లక్షల్లో లక్షా 70 వేలు ఆరు నెలల ఇంటి ఖర్చు కింద ఎఫ్‌డీలోనే ఉంచండి. జీవాలకు 2 లక్షలు దాటనివ్వకండి. మిగతాది కదిలించే ముందు మీకు టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి, ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. సగం సబ్సిడీ వస్తుందని నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ గురించి ఎవరైనా చెప్పవచ్చు. అది 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ నుంచి మొదలవుతుంది, 20 లక్షల ప్రాజెక్టుకు 10 లక్షలు ఇస్తారు. మిగతా 10 లక్షలు మీవో బ్యాంకువో కావాలి. రెండు ఈతలు చూశాక ఆలోచించవచ్చు.

పన్ను సంగతి ఒకటుంది. గొర్రెల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. మీ పేరున ఉంటే జీతంతో కలిపి రిటర్న్‌లో చూపాలి, అప్పుడు జీతం ఒక్కటే ఉన్నవాళ్లు వేసే ఫారం సరిపోదు. భార్య పేరున మీ డబ్బుతో కొంటే ఆ ఆదాయమూ తిరిగి మీ లెక్కలోకే వస్తుంది. తండ్రికి ఇచ్చిన డబ్బుకు ఆ నిబంధన లేదు. కాబట్టి 2 లక్షలు ఆయన ఖాతాకు బ్యాంకు ద్వారా పంపి, జీవాలు ఆయన పేరునే కొనండి. పొలం పట్టాదారు పాస్‌బుక్ కూడా ఆయనదే కాబట్టి రేపు పశుపోషణకు కిసాన్ క్రెడిట్ కార్డు కావాలన్నా, గడువులో కడితే 4 శాతం వడ్డీకి పడుతుంది. సంతలో రసీదు రాసేటప్పుడు, ఇన్సూరెన్స్ ఫారం నింపేటప్పుడు పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే రాయించండి.