టెక్ సందేహాలు: పెద్ద మోతకు బుల్లి డబ్బా

"స్పీకరు బాక్స్ చేయించాను, ఏ పాట పెట్టినా ఒకే మోత వస్తోంది, ఏం చేయాలి?" వినాయక చవితికి ముందు రెండు నెలలూ నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇవే. అందరూ ప్లైవుడ్ కోయించాకే రాస్తారు. కోసిన చెక్కకు నేను చెప్పగలిగిన వైద్యం ఏమీ లేదు. ఈసారి గాజువాక నుంచి ఒక పాఠకుడు కోయించకముందే రాశారు. అందుకే ఈ వారం చోటులో సింహభాగం ఆయనకే.

ఆయన ఉత్తరం సారాంశం ఇది: "కింది స్వరాల మోత పలికించే 12 అంగుళాల సబ్‌వూఫర్‌కు బాక్స్ చేయించాలి. షీటు ధర, వడ్రంగి కూలి తలచుకుంటే భయంగా ఉంది. ముందు చిన్న నమూనా చేసి పరీక్షించవచ్చా? కొలతల కోసం ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) దించుకున్నాను. యాంటీవైరస్ అడ్డుపడితే దాన్ని ఆపేశాను."

చివరి వాక్యం గురించి కాసేపాగి కోప్పడతాను. ముందు నమూనా సంగతి.

నిక్షేపంగా చేయవచ్చు. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే ఒక స్వరం వస్తుంది కదా, గాలి రాకపోకలకు పోర్టు పైపు ఉన్న సబ్‌వూఫర్ బాక్స్ చేసేదీ అదే పని. లోపలి గాలి స్ప్రింగులా, పైపులోని గాలి ఆ స్ప్రింగుకు వేలాడే బరువులా పనిచేస్తాయి. కొలతలన్నీ నాలుగో వంతుకు తగ్గిస్తే ఆ స్వరం సరిగ్గా నాలుగింతలవుతుంది. ఉదాహరణకు లోపల 40 సెంటీమీటర్ల ఘనం తీసుకోండి. 64 లీటర్లు. దానికి లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, పొడవు 34 సెంటీమీటర్లు ఉన్న పైపు పెడితే సుమారు 30 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. నమూనా అంటే 10 సెంటీమీటర్ల ఘనం, అంటే ఒక్క లీటరు. 25 మిల్లీమీటర్ల కన్నం, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పైపు. అది 120 దగ్గర పలకాలి. (అయస్కాంతం, పైపు ఆక్రమించే చోటును లెక్క సులువుకోసం వదిలేశాను. మీరు వదలకండి.)

లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ ఉండగా నమూనా ఎందుకని అడగవచ్చు. పై ఉదాహరణే చూడండి. 40 సెంటీమీటర్ల లోతున్న పెట్టెలో 34 సెంటీమీటర్ల పైపు పెడితే దాని లోపలి కొస వెనక పలకకు ఆరు సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేస్తుంది. కొసకూ పలకకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఎడం లేకపోతే స్వరం కిందికి జారుతుంది. మామూలు లెక్కలు ఈ పలకను చూడవు, పైపు చుట్టూ బోలెడు చోటుందనే అనుకుంటాయి. పైపును వంచినా, మూలకు నెట్టినా అదే కథ. నమూనాకు సూత్రాలు తెలియవు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతుంది.

మా ఇంటి వసారాలో నేను చేసిన తీరు చెబుతాను. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో డబ్బా. పెద్దదానికి 18 మిల్లీమీటర్ల చెక్క వాడతాం కాబట్టి నాలుగో వంతు నాలుగున్నర, బజారులో దొరికేది 4. ఇంట్లో పడి ఉన్న 12 మిల్లీమీటర్ల ముక్కలతో నమూనా చేస్తే గోడలు మరీ గట్టిగా ఉంటాయి. రేపు పెద్ద పెట్టెలో పలకలు వణికినప్పుడు "నమూనాలో ఇలా లేదే" అంటారు. స్పీకరు 3 అంగుళాలది, ముఖం పైకి. దాని మీద చిటికెడు ఆవాలు వేశాను. ఫోనులో టోన్ జనరేటర్ (కోరిన స్వరాన్ని పలికించే యాప్) తెరిచి 80 నుంచి ఒక్కొక్క హెర్ట్జే పెంచుకుంటూ పోయాను. 90 దగ్గర ఆవాలు పోపులో పడ్డట్టు చిటపటలాడాయి. 105 దాటాక సద్దుమణిగాయి. 114 దగ్గర కొన్ని మాత్రం కాస్త కదిలాయి. 125 దాటగానే మళ్లీ ఎగరడం మొదలు. పైపు మూతి దగ్గర అగరుబత్తి పెడితే దీనికి సరిగ్గా తలకిందులు: ఆవాలు కుదురుగా ఉన్నచోటే పొగ దారం తెగిపోయి చెదిరింది. పెట్టె స్వరం అదే. ఆ స్వరం దగ్గర పని అంతా పైపులోని గాలి చేస్తుంది, స్పీకరులో ఊగే అట్ట, అంటే కోను, దాదాపు ఊరుకుంటుంది. 114ను నాలుగుతో భాగిస్తే ఇరవై ఎనిమిదిన్నర. నేను కోరింది 30. వెనక పలక తన వాటా పట్టుకుపోయింది. పైపు కొద్దిగా కోసి మళ్లీ ఆవాలు పోశాను. పెద్ద పెట్టెలో ఈ పని చేయాలంటే వడ్రంగిని మళ్లీ పిలవాలి.

ఆవాలతో పని లేకుండా చేయాలంటే స్పీకరుతో వరసలో ఒక రెసిస్టర్ పెట్టి, ఒక్కో స్వరం దగ్గర స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చూపే ఇంపెడెన్స్ గీత తీయండి. రెండు శిఖరాలు వస్తాయి, వాటి మధ్య లోయే పెట్టె స్వరం. చిన్న నమూనాతో ఇంకో లాభం కూడా ఉంది. ఫోను మైకు మాటల కోసం తయారైనది. చాలా ఫోన్లలో దాని దారిలోనే కింది స్వరాలను కోసేస్తారు. 30 హెర్ట్జ్‌ను దానితో కొలవడమంటే చెవిటివాడి చేత కచేరీకి మార్కులు వేయించడమే. 120 అయితే కాస్త నమ్మవచ్చు. మైకును కోనుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలోకి తీసుకెళ్లండి, లేకపోతే మీరు కొలిచేది స్పీకరును కాదు, గదిని. ఇలా దగ్గర నుంచి కొలవచ్చని ఆడియో ఇంజినీరు డాన్ కీల్ 1974లోనే చూపించారు.

ఇక నమూనా చెప్పలేనివి. విశాఖవాళ్లకు దీన్ని వివరించడం సులువు. మన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో, అదే ఎన్‌ఎస్‌టీఎల్‌లో, 500 మీటర్ల పొడవున్న నీటి తొట్టి ఉంది. ఓడల నమూనాలను అందులో లాగి పరీక్షిస్తారు. ఈ పద్ధతికి దారి వేసిన విలియం ఫ్రూడ్ 1870లలోనే ఒక చిక్కును గుర్తించాడు. ఓడ లేపే అలలు నమూనాలో సరైన నిష్పత్తిలోనే వస్తాయి, నీటి రాపిడి మాత్రం రాదు. అందుకే అలలను కొలిచి, రాపిడిని విడిగా లెక్క కట్టాడు. మన డబ్బాలోనూ అంతే. పైపు గోడకు అంటుకుని కదలని గాలి పొర 30 హెర్ట్జ్ దగ్గర సుమారు 0.4 మిల్లీమీటర్లు, 120 దగ్గర 0.2. పైపు నాలుగో వంతుకు తగ్గింది, పొర సగానికే తగ్గింది. అంటే నమూనాలో రాపిడి వాటా రెట్టింపు, మోత కాస్త నీరసంగా ఉంటుంది. దాన్ని చూసి డిజైనును తిట్టకండి. గట్టిగా పెట్టినప్పుడు పైపులోంచి వచ్చే బుసబుస శబ్దాన్ని కూడా నమూనా సరిగా చూపదు. దానికి లెక్కే దిక్కు. పైపులో గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవాలన్నది ఈ పని చేసేవాళ్లు పాటించే హద్దు.

పెట్టె స్వరం ఒక్కటే కావాలంటే ఏ 3 అంగుళాల స్పీకరైనా చాలు. మొత్తం ధ్వని తీరు తెలియాలంటే మాత్రం స్పీకరూ నాలుగో వంతుదే కావాలి. ఇంజినీర్లు నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970లలో స్థిరపరచిన అంకెలు ప్రతి మంచి స్పీకరు కాగితం మీదా ఉంటాయి. మీ 12 అంగుళాలదానికి ఎఫ్ఎస్ (స్పీకరు సొంత స్వరం) 28, వాస్ (కోను పట్టు మెత్తదనానికి సమానమైన గాలి) 90 లీటర్లు, క్యూటీఎస్ (ఊగుడు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.4 అని ఉంటే, చిన్నదానికి 112, 1.4 లీటర్లు, అదే 0.4 ఉండాలి. దగ్గర దగ్గరగా దొరుకుతాయి.

ఇప్పుడు కోపం సంగతి. యాంటీవైరస్ ఆపమని అడిగిన ప్రోగ్రామును నమ్మి ఆపేశారా? ఇంటికి వచ్చినవాడు "ముందు కుక్కను కట్టేయండి, తాళంచెవులు ఇటివ్వండి" అంటే ఇస్తారా? క్రాకుల వెనక వచ్చే సరుకు ఇప్పుడు తెర మీద పుర్రె బొమ్మలు చూపించదు, కంప్యూటరును నెమ్మదింపజేయదు. ఒక్క నిమిషంలో బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు, కుకీలు మూటకట్టి పంపేస్తుంది. పాస్‌వర్డు కన్నా కుకీయే ప్రమాదం. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని చెప్పే చీటీ అది. అది చేతిలో ఉన్నవాడిని మెయిల్ పాస్‌వర్డూ అడగదు, ఓటీపీ కూడా అడగదు. డాబాగార్డెన్స్‌లో నాకు తెలిసిన ఒక రికార్డింగ్ గది యజమానికి ఇదే జరిగింది. రెండంచెల భద్రత పెట్టుకున్నాను కదా అని ధీమాగా ఉన్నాడు. తెల్లారేసరికి అతని మెయిల్ నుంచి పాత ఖాతాదారులందరికీ అప్పు అడుగుతూ ఉత్తరాలు వెళ్లాయి.

కాబట్టి ఆవాలు పక్కన పెట్టి ముందు ఇది చేయండి. ఆ కంప్యూటరును ఇంటర్నెట్ నుంచి తప్పించండి. వేరే పరికరం నుంచి, మళ్లీ చెబుతున్నాను, వేరే పరికరం నుంచి మెయిల్ పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. ఆ తర్వాత బ్యాంకు. ఫొటోలు, పత్రాలు తీసుకుని విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి. పాత ప్రోగ్రాముల ఫైళ్లు ఒక్కటి కూడా వెనక్కి తేవద్దు. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఇంతా చేసి, ఆ క్రాక్ అవసరమే లేదు. పెట్టె కొలతలు లెక్క కట్టే విన్‌ఐఎస్‌డీ, హార్న్‌రెస్ప్ ఉచితం. కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ కూడా ఉచితమే. ఉచితంగా దొరికే దానికి దొంగదారి వెతకడం ఏం సరదానో నాకు అర్థం కాదు. ఫోను యాప్‌లకూ ఇదే మాట. టోన్ జనరేటరుకు మైకు కూడా అక్కర్లేదు. అలాంటిది కాంటాక్టులు, యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే వెంటనే తీసేయండి. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే మీ తెర చదివే కళ్లూ, మీ బదులు నొక్కే వేలూ దానికి ఇచ్చినట్టే.

మద్దిలపాలెం నుంచి మరొకరు: "మీరు పైపు కోసి సరిచేసి చెప్పిన కొలతలతోనే నమూనా చేశాను. 105 వచ్చింది, అంటే 26. అదే కొలతలతో పెద్దది చేయిస్తే 30 వచ్చింది. నమూనా పద్ధతే తప్పు కదా?"

పద్ధతి కాదు, పైపు. కరెంటు వైరింగు పైపు తెచ్చి ఉంటారు. దాని మీద 25 అని రాసి ఉంటే అది బయటి వ్యాసం. లోపలి కన్నం 21, 22 మిల్లీమీటర్లే ఉంటుంది. కన్నం అంత తగ్గితే 120 రావలసింది 105 దగ్గరకు రావడంలో వింత లేదు. పైపు పేరును కాదు, కన్నాన్ని కొలవండి. చిన్న నమూనాలో ప్రతి పొరపాటూ పెద్దదవుతుంది. మూలల్లో 50 మిల్లీలీటర్ల జిగురు పేరుకుంటే అది పెద్ద పెట్టెలో మూడు లీటర్లకు పైగా కోత వేసినట్టు. స్పీకరు బిగించే ముందు డబ్బా నిండా బియ్యం పోసి, తీసి, లీటరు డబ్బాతో కొలవండి. అంచనా దొరుకుతుంది.

భీమిలి రోడ్డు నుంచి: "రెండేళ్లకే ఎండీఎఫ్ బాక్స్ అడుగు ఉబ్బింది." ఎండీఎఫ్ అంటే చెక్కపొడిని అదిమి చేసిన పలక, సముద్రపు గాలికి అది అలాగే ఉబ్బుతుంది. అడుగు పలక ప్లైవుడ్‌కు మార్పించి, కోసిన అంచులన్నిటికీ సీలర్ పట్టించి, రబ్బరు కాళ్ల మీద నిలబెట్టండి.

ఆఖరుగా సీతమ్మధార నుంచి ఒక గృహిణి: "ఆంప్లిఫయర్ బోర్డు పెట్టించుకున్నాం. రాత్రి పదకొండున్నరకు దానంతట అదే పాట మొదలైంది. దయ్యమా, హ్యాకింగా?"

పై అంతస్తు కుర్రాడమ్మా. మార్కెట్లో దొరికే ఈ బ్లూటూత్ బోర్డుల్లో చాలావాటికి పిన్ ఉండదు. ఉన్నా 0000. కరెంటు ఉన్నంతసేపూ "నేనిక్కడున్నాను రండి" అని వీధికంతా చాటుతూనే ఉంటాయి. మీ ఫోను పక్కకు జరగడమే ఆలస్యం, ఎవరి ఫోను ముందు తగిలితే వాళ్లదే రాజ్యం. జత కలిపే మీట ఒకటి పెట్టడానికి ఎంతవుతుంది? ఆ మీట నొక్కితే తప్ప కొత్త ఫోనును రానివ్వకూడదన్న చిన్న ఆలోచన తయారీదారుల్లో ఎందరికో తట్టలేదు. ఖరీదైన స్పీకర్లదేమో మరో తీరు. శబ్దం తగ్గించాలన్నా యాప్ కావాలి, యాప్‌కు ఖాతా కావాలి, ఖాతా తెరిస్తే మీరెక్కడున్నారో చెప్పాలి. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అనుమతి నిజంగానే అవసరమయ్యేది. 2021లో ఆండ్రాయిడ్ 12 దానికి వేరే అనుమతి ఏర్పాటు చేసింది. ఆ తర్వాత కూడా అడుగుతున్నారంటే అది బద్ధకమైనా అయి ఉండాలి, మరొకటైనా అయి ఉండాలి. నేనైతే ఇవ్వను. మీ బోర్డుకు మాత్రం అప్‌డేట్లూ రావు, మందూ లేదు. బ్లూటూత్ లేని ఆంప్లిఫయరుకు మారి వైరుతో వినడం ఒక దారి. అది కుదిరేదాకా రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపేయండి.