కారవాన్ కట్టుకుని నల్లార్‌బర్ దాటబోయే మేనల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు కారవాన్, అదే కారు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు, కొన్నావట, సెప్టెంబరు సెలవుల్లో పిల్లల్ని ఎక్కించుకుని మెల్‌బోర్న్ నుంచి నల్లార్‌బర్ ఎడారి మైదానం మీదుగా పెర్త్ పోతావట. "మనిషి కనపడని దారి అంటరా, నువ్వైనా వద్దని చెప్పు" అంది. వద్దని నేను చెప్పను. ఆ దారిన నాలుగుసార్లు పోయొచ్చినవాణ్ణి. కాకపోతే మొదటిసారి బతికి బట్టకట్టామంటే మీ అత్తయ్య మొక్కుల పుణ్యమే. ఆ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

పడమటికి పోతుంటే యూక్లా అనే చిన్న ఊరు దాటగానే రోడ్డు మెరక దిగి కింది మైదానంలోకి వస్తుంది. ఆ దిగుడులో ఎదురుగా ఒక రోడ్ ట్రైన్, అంటే వెనక రెండు మూడు ట్రైలర్లు కట్టిన పొడవాటి లారీ, దూసుకుపోయింది. దాని గాలి తగిలిందో లేదో మా కారవాన్ తోక ఊపడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత కారు వెనక భాగాన్ని కూడా పట్టి ఊపేసింది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది గానీ బండి నా మాట వినట్లేదు. పది సెకన్లు ఉంటుందేమో. అద్దంలో కారవాన్ పక్కవాటు నిండుగా కనిపించింది. అలా ఎప్పుడూ కనిపించకూడదు.

ఆగాక వెనక ఏం పెట్టామో దింపి చూశాను. బంపర్ మీద రెండు సైకిళ్ళు, వెనక అలమరలో 20 కిలోల బియ్యం బస్తా, నీళ్ళ క్యాన్లు, వెట్ గ్రైండర్. నవ్వకు, గ్రైండరే. ఎడారిలో ఇడ్లీ వేద్దామని.

మా తాత ధాన్యం బస్తాలు ఎడ్లబండికి ఎత్తించేటప్పుడు ముందూ వెనకా చూసి నాలుగు బస్తాలు జరిపించేవాడు. వెనక బరువైతే కాడి పైకి లేచిపోతుంది, ముందు బరువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. కారవాన్‌దీ అదే లెక్క. బరువైనవన్నీ ఇరుసుల మీద, నేలకు దగ్గరగా పెట్టాలి. వెనక కొసన ఏమీ వద్దు. పై అలమరల్లో చిప్స్ ప్యాకెట్లు, తువ్వాళ్ళు, అంతే. రెండో ట్రిప్పులో మీ అత్తయ్య ఆవకాయ జాడీ పైన పెట్టింది. మలుపులో తలుపు తెరుచుకుని జాడీ పరుపు మీద పడి పగిలింది. ఆ కారవాన్ అమ్మేదాకా ఆవపిండి వాసన పోలేదు.

బరువు ఎంతుందో కంటితో చెప్పలేం. కాబట్టి ముందు లెక్క వేసుకో. కారవాన్ ప్లేటు మీద ఏటీఎం అని ఉంటుంది, బ్యాంకుది కాదులే. సామానుతో సహా కారవాన్ మొత్తం ఎంత బరువు ఉండొచ్చో ఆ అంకె. పక్కనే టేర్ అని ఖాళీ బరువు ఉంటుంది. ఏటీఎం 2500, టేర్ 2050 అనుకుందాం. నీ చేతిలో ఉన్నది 450 కిలోలు. 95 లీటర్ల ట్యాంకులు రెండు నింపితే 190 కిలోలు నీళ్ళకే పోయాయి. రెండు సిలిండర్లలో గ్యాసు మరో 18. మిగిలిన 240 చిల్లరలో పరుపులు, కుర్చీలు, గిన్నెలు, బట్టలు, పిల్లల బొమ్మలు, తర్వాత నువ్వు షాపులో మోజుపడి బిగించుకున్న ఎయిర్ కండిషనర్, సోలార్ ప్యానెళ్ళు కూడా. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది.

కారు మీద కూడా భారం పడుతుంది. కారవాన్ బరువులో సుమారు పదో వంతు కారు వెనక కారవాన్ తగిలించే ఇనప బంతి మీద కూర్చోవాలి. బాగా తగ్గితే నాకు జరిగిందే నీకూ జరుగుతుంది. 2500 కిలోలకు అది 250. ఆ 250 కారు మోయగలిగే బరువులోంచే తీసేయాలి. నలుగురు మనుషులు, నిండు ట్యాంకు, ముందు బిగించే ఇనప గార్డు బుల్ బార్, పైన రూఫ్ రాక్ లెక్కేస్తే మిగిలేది కొంచెమే. "3500 కిలోలు లాగుతుంది" అన్న ప్రకటన నమ్మి ఊరుకోకు. కారూ కారవానూ కలిపి ఎంత ఉండొచ్చో జీసీఎం అని మాన్యువల్‌లో ఉంటుంది, అది చూడు. ఆపైన సామానంతా ఎక్కించి, నీళ్ళు నింపి, మనుషులతో సహా వేబ్రిడ్జికి తీసుకెళ్ళి కాటా వేయించు. కారు విడిగా, కారవాన్ విడిగా, రెండూ కలిపి.

బ్రేకుల సంగతి. 2000 కిలోలు దాటిన కారవాన్‌కు అన్ని చక్రాలకూ బ్రేకులుండాలి. బండి నుంచి ఊడిపోతే వాటంతట అవే పట్టేసే బ్రేక్‌అవే కూడా ఉండాలి. దాని పిన్ను లాగి చూడు, చక్రాలు పట్టేయాలి. పట్టకపోతే ముందు దాని బ్యాటరీ చచ్చిందేమో చూడు. కారవాన్ బ్రేకుల్ని కారులోంచే వేసే బ్రేక్ కంట్రోలర్ నీ చేతికి అందేచోటే పెట్టించు. కారవాన్ ఊగితే కారు బ్రేకు తొక్కకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, కంట్రోలర్‌తో కారవాన్ బ్రేకులు మాత్రం మెల్లగా వేయి. ఆ రోజు నేను తొక్కాను కాబట్టే చెప్తున్నా. కోడలు కూడా నడుపుతుంది కదా, తనకూ చూపించు.

టైర్లు పైకి కొత్తగా కనిపిస్తాయి, కారవాన్‌వి మరీను. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి ఉంటాయి గనక గీతలు అరగకుండానే రబ్బరు పెళుసవుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడు, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అలాంటిదైతే మార్చేయి, డబ్బు చూసుకోకు. గాలి పొద్దున్నే, ఎండ తగలకముందే కొలవాలి. చక్రం విప్పి బిగించినప్పుడల్లా 50, 100 కిలోమీటర్లు పోయాక నట్లు మళ్ళీ బిగించు. బేరింగుల గ్రీజు ఏడాది దాటి ఉంటే బయల్దేరేముందు మార్పించు. ఆగినచోటల్లా చక్రం మధ్యకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. మిగతా వాటికన్నా ఒకటి మరీ సెగ కొడుతుంటే అక్కడ ఏదో ఉంది.

ఒక పని మాత్రం నా కోసం చెయ్యి. ఇంటి ముందే, తీరిగ్గా ఒక ఆదివారం కారవాన్ చక్రం ఒకటి విప్పి మళ్ళీ బిగించు. మదురా దగ్గర మాకు టైరు పోయినప్పుడు తెలిసింది, కారు స్పానర్ కారవాన్ నట్లకు పట్టదని. జాకీ కూడా అందలేదు. సాయంత్రం, ఈగలు ముఖం మీద వాలుతున్నాయి, పిల్లలు ఆకలంటున్నారు. ఒక లారీ డ్రైవరు ఆగి తన స్పానర్‌తో ఇరవై నిమిషాల్లో పని కానిచ్చి, నేనిచ్చిన కాఫీ కూడా తాగకుండా పోయాడు.

డీజిల్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మామూలుగా 100 కిలోమీటర్లకు 10 లీటర్లు తాగే బండి కారవాన్ కట్టాక 17, 18 తాగుతుంది, పడమటి గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. అయినా సెడూనా నుంచి నార్స్‌మన్ దాకా 1200 కిలోమీటర్లలో రోడ్‌హౌసుకూ రోడ్‌హౌసుకూ (దారిపక్క పెట్రోలు, తిండి దొరికే చోట్లు) మధ్య ఎక్కడా 200 దాటదు. ట్యాంకు సగమైతే నింపుకో. వెనక డీజిల్ డబ్బాలు మాత్రం వేలాడదీయకు. నీళ్ళు మాత్రం సెడూనాలోనే నింపుకో, తర్వాత ఎవరినీ ఊరికే అడిగేలా ఉండదు.

ఫోను చాలాచోట్ల పనిచేయదు. యూహెచ్‌ఎఫ్ రేడియో బిగించుకుని 40వ ఛానల్లో ఉంచు, లారీవాళ్ళు అందులోనే ఉంటారు. వెనక రోడ్ ట్రైన్ వస్తే, అది పక్క వరసలోకి వచ్చాక నువ్వు వేగం తగ్గిస్తానని చెప్పు. ప్రాణం మీదికొస్తే నొక్కే లొకేటర్ బీకన్ ఒకటి కొని, ఆమ్సా అనే ప్రభుత్వ సముద్ర భద్రతా సంస్థ దగ్గర రిజిస్టర్ చెయ్యి, రిజిస్ట్రేషన్ ఉచితమే. దారిలో రోడ్డు మీదే రన్‌వే గీతలు కనిపిస్తాయి, మారుమూలలకు వైద్యం తెచ్చే ఫ్లయింగ్ డాక్టర్ విమానం దిగేది అక్కడే. పిల్లలకు చూపించు, అక్కడ బండి మాత్రం ఆపకు.

పొద్దుగూకాక నడపొద్దు. కంగారూలు, వాంబాట్లు ఉన్నట్టుండి అడ్డం వస్తాయి. కైగూనా నుంచి బాలడోనియా వైపు 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు లేని రోడ్డుంది. అది మధ్యాహ్నం భోజనం చేసి ఎక్కకు, కునుకొస్తుంది. డిసెంబరుకు మార్చుకుందామని కోడలు అంటే ఒప్పుకోకు. 2019 డిసెంబరులో నల్లార్‌బర్‌లో 49.9 డిగ్రీలు నమోదైంది. సెప్టెంబరైతే దారిలో సముద్రపొడ్డున ఉన్న హెడ్ ఆఫ్ బైట్‌లో తిమింగలాలు కూడా కనిపిస్తాయి.

ఇంకోటి, మీ అమ్మకు చెప్పు. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులోని బోర్డర్ విలేజ్ చెక్‌పోస్టులో పళ్ళు, పచ్చి కూరగాయలు, తేనె తీసేసుకుంటారు. కరివేపాకు కొమ్మలు కట్టివ్వొద్దను. ఉన్న కూరలు ముందు రాత్రే వండుకు తినేయండి.

దారిలో అడిలైడ్‌లో మా ఇంట్లో రెండు రోజులుంటారుగా. కాటా చీటీలు మాత్రం మెల్‌బోర్న్‌లో బయల్దేరకముందే ఫొటో తీసి పంపు. అంకెలు నచ్చకపోతే ఏం దింపాలో ఫోన్లోనే చెప్తాను, ఆ గ్రైండర్‌తో మొదలుపెట్టి.

మీ మామయ్య