40 లక్షల ఇంటికి 50 లక్షల అగ్రిమెంటు రాయిద్దామంటున్నాడు ఏజెంటు, ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. విజయనగరంలో 40కి బేరమైన ఇంటికి 50 అని రాయించి, ఐటీ రిటర్నులు కూడా తనే "సెట్ చేస్తా" అన్నాడన్నారు కదా, ముందు లెక్క చూడండి.

30 లక్షలు దాటి 75 లోపు లోనైతే ఇంటి విలువలో 80 శాతమే ఇస్తారు. 40 మీద 32 వస్తుంది, 50 మీద 40. చేతి డబ్బు 8 లక్షలు పెట్టక్కర్లేదన్నదే ఎర. కానీ రిజిస్ట్రేషన్ కూడా 50కే చేయాలి, 7.5 శాతం చొప్పున అదనపు 10 లక్షలకి 75 వేలు మీ జేబులోంచే. ధర 50 లక్షలు తాకగానే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి ముందే కోసే పన్ను) కోసి కట్టే బాధ్యతా కొనేవాళ్లదే. ఆ 8 లక్షలకి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లపాటు నెలకి సుమారు 6,940 రూపాయలు. ఇంతా చేసి బ్యాంకు వేల్యుయరు (ఇంటికి విలువ కట్టేవాడు) 40 అని రాస్తే, రెండింట్లో తక్కువదే లెక్కలోకి తీసుకుంటారు. అందుకని వేల్యుయరునీ కలుపుకుంటారు. అప్పుడది ముఠా పని, సంతకం మాత్రం మీది.

దొంగ కాగితాలు దొరికిపోవడం కష్టమేం కాదు. ఫారం 16లో (జీతమిచ్చేవాళ్లు ఇచ్చే పన్ను పత్రం) కోసినట్టున్న పన్ను, ఆదాయపన్ను శాఖ లెక్క అయిన 26ఏఎస్‌లో ఉండదు. పే స్లిప్పు జీతమొకటి, ఖాతాలో పడిందొకటి. స్టేట్‌మెంటులో ఒక్క అంకె దిద్దితే కింది బ్యాలెన్సులన్నీ దిద్దాలి, ఎక్కడో ఒకచోట తప్పుతారు.

అమ్మేవాళ్ల వైపు చూసుకోవాల్సింది ఇంకా ఎక్కువ. ఈసీని (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) సర్వే నంబరుతో ఒకసారి, దస్తావేజు నంబరుతో ఒకసారి తీయించండి. అదొక్కటే చాలదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఈసీకి ఎక్కకపోవచ్చు, అందుకే బ్యాంకు తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లోనూ వెతికించండి. ఒరిజినల్ చేత్తో పట్టుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నకలు పక్కన పెట్టి పోల్చండి. కలర్ జిరాక్సుకి మోసపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. "ఒరిజినల్ పోయింది, పేపర్లో ప్రకటన కూడా వేశాం" అన్నారా, అది ఎవరో అప్పిచ్చినవాళ్ల బీరువాలో ఉందనుకునే మొదలెట్టండి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అమ్మే స్థలాలైతే డి-పట్టానా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

ఏజెంటుకి ఇప్పటికే ఆధార్, పాన్, ఖాళీ ఫారాల మీద సంతకాలు ఇచ్చేసి ఉంటే సిబిల్ రిపోర్టు (మీ పేరు మీది అప్పుల చరిత్ర) తీయండి, ఏడాదికోసారి ఉచితం. మీరు అడగని బ్యాంకు ఎంక్వైరీ కనిపిస్తే ఆ బ్యాంకుకి కాగితం మీద ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. ఇకపై ఇచ్చే ప్రతి జిరాక్సు మీదా అడ్డంగా "ఫలానా బ్యాంకు ఇంటి లోనుకి మాత్రమే" అని రాసి తేదీ వేయండి.

ఆ 8 లక్షల సంగతంటారా, భార్యని సహ దరఖాస్తుదారుగా చేర్చితే లోను అర్హత పెరుగుతుందే గానీ మార్జిన్ (మీరు పెట్టాల్సిన చేతి డబ్బు) తగ్గదు. ఇంటి కోసం పీఎఫ్ తీసుకోవచ్చు, ఎల్ఐసీ పాలసీ మీద అప్పు దొరుకుతుంది. అవీ చాలకపోతే ఇంకా తక్కువ ధరలో వేరే ఇల్లు చూడండి.