ఏసీ/డీసీ హెవీ మెటల్ బ్యాండేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: మీ మిత్రుడు ఏసీ/డీసీని హెవీ మెటల్ బ్యాండ్ అంటున్నారు, మీ చెవికి అది రాక్ అండ్ రోల్‌లాగే వినిపిస్తోంది, 1973 నుంచి నడుస్తున్న ఈ ఆస్ట్రేలియా బ్యాండ్‌ను ఏ గాటన కట్టాలో తెలియడం లేదు. నా సమాధానం ముందే చెబుతాను. ఏసీ/డీసీ హెవీ మెటల్ కాదు, హార్డ్ రాక్. దాని వేళ్లు నేరుగా అమెరికా నల్లజాతి వారి సంగీతమైన బ్లూస్‌లోనూ, 1950ల రాక్ అండ్ రోల్‌లోనూ ఉన్నాయి. అయితే ఇది నేను పుస్తకాలు చదివి ఏర్పరచుకున్న అభిప్రాయం కాదు. వాళ్ల పాటను తప్పుగా వాయించి, ఎందుకు తప్పిందో వెతుక్కుంటూ వెళ్లి తెలుసుకున్నది.

1990ల చివర నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. సికింద్రాబాద్‌లో నేను క్యాసెట్లు కొనే దుకాణంలో ఒక అరకు 'హెవీ మెటల్' అని అట్టముక్క అంటించి, గట్టిగా మోగే విదేశీ బ్యాండ్లన్నిటినీ అందులోనే పెట్టేవారు. ఐరన్ మెయిడెన్ పక్కన బాన్ జోవి, ఆ పక్కన ఏసీ/డీసీ. 1979లో వచ్చిన 'హైవే టు హెల్' క్యాసెట్ నాకు అక్కడే దొరికింది. అట్ట మీద గిటారిస్టు ఆంగస్ యంగ్ తలపై కొమ్ములు, చేతిలో తోక. పేరులో నరకం. ఇక ఇది మెటల్ కాక మరేమిటని నేను కూడా మీ మిత్రుడిలాగే అనుకున్నాను.

ఆ సంవత్సరం కాలేజీ ఉత్సవానికి మేము నలుగురం కలిసి ఆ పాట వాయించాలని నిశ్చయించుకున్నాం. ఒక సీనియర్ దగ్గర గిటారు ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ అరువు తెచ్చుకుని, మెటల్ పాటే కదా అని ఆ గరుకుదనాన్ని పెంచే గెయిన్ బటన్‌ను చివరికంటా తిప్పాను. ఆ పాట రిఫ్‌లో, అంటే పదేపదే తిరిగి వచ్చే గిటారు వరుసలో, ఉన్నవి మూడే కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు): ఏ (A), ఎఫ్ షార్ప్‌ను అడుగున పెట్టుకున్న డీ (D), జీ (G). వారం రోజుల్లో గిటారు నేర్చుకున్న వాడు కూడా పట్టుకోగలిగిన కార్డులు. అయినా మా ఆంప్లిఫయర్‌లోంచి వచ్చింది పాట కాదు, ఒక ముద్ద. కార్డు మారినప్పుడు మారినట్టే తెలియలేదు. రెండు కార్డుల మధ్య ఉండవలసిన నిశ్శబ్దంలో పెడల్ రొద నిండిపోయింది. వేళ్ల తప్పేమో అనుకుని నాలుగు రోజులు అదే రిఫ్‌ను సాధన చేశాను. ఐదో రోజు సాయంత్రం పెడల్‌లో బ్యాటరీ అయిపోయింది. గత్యంతరం లేక దాన్ని తీసేసి, గిటారును నేరుగా ఆంప్‌కు కలిపి, ఆంప్ వాల్యూమ్ పెంచి, తీగలను గట్టిగా మీటాను. క్యాసెట్‌లో విన్న ధ్వనికి దగ్గరగా ఉన్నదేదో మొదటిసారిగా గదిలో వినిపించింది. తీగలు విడివిడిగా పలికాయి.

దీని వెనుక కారణం ఉంది. మెటల్ గిటారులో ప్రధానంగా వాడేది పవర్ కార్డ్. మన భాషలో చెప్పాలంటే అందులో షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే ఉంటాయి, గాంధారం (గ) ఉండదు. డిస్టార్షన్ బాగా పెంచినప్పుడు ఏ రెండు స్వరాలు కలిసినా వాటి నుంచి అదనపు స్వరాలు పుడతాయి. షడ్జమ పంచమాలు కలిసినప్పుడు పుట్టే స్వరాలు వాటితోనే పొసగుతాయి కనుక ధ్వని గోడలా నిలబడుతుంది. మధ్యలో గాంధారం చేరితే పుట్టినవన్నీ ఒకదానితో ఒకటి ఢీకొని ఆ గోడ బీటలు వారుతుంది. ఏసీ/డీసీ కార్డుల్లో చాలావరకు గాంధారంతో కూడిన నిండు కార్డులే, మెడ మొదట్లో తీగలను తెరిచి ఉంచి వాయించేవే. వాటిని డిస్టార్షన్‌లో ముంచితే నాకు జరిగినట్టే జరుగుతుంది. వాళ్ల రిథమ్ గిటారిస్టు మాల్కమ్ యంగ్ మందమైన తీగలు కట్టిన గ్రెట్ష్ గిటారును, గెయిన్ తక్కువగా పెట్టిన మార్షల్ ఆంప్‌లలో వాయించేవారు. ఆ గాంభీర్యం పెడల్ నుంచి రాలేదు, ఆంప్ వాల్యూమ్ నుంచీ మణికట్టు నుంచీ వచ్చింది. ధ్వని పెద్దదే, కానీ అందులో మడ్డి లేదు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే మీ మిత్రుడికీ మీకూ మధ్య ఈ వాదం పుట్టిందని నా నమ్మకం.

మా డ్రమ్మర్ విజయవాడ వాడు, చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాడు. చేతులు ఎంత వేగంగా నడిచేవంటే, కష్టమైన మెటల్ పాటలు కూడా వారం లోపల పట్టేసేవాడు. 'బ్యాక్ ఇన్ బ్లాక్' మాత్రం నెల రోజులు అతని చేతికి లొంగలేదు. ఆ రిఫ్‌ను ఒకసారి జాగ్రత్తగా వినండి. మొదట 'ఈ' (E) కార్డు ఒక్క దెబ్బ, తర్వాత ఖాళీ. డీ కార్డు మూడు దెబ్బలు, మళ్లీ ఖాళీ. 'ఏ' (A) కార్డు మూడు దెబ్బలు. ఆ ఖాళీల్లో ఫిల్ రడ్ డ్రమ్స్ మీద నాలుగు మాత్రల నడక తప్ప ఏ అలంకారమూ వేయరు. ఒకటీ మూడూ మాత్రలకు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), రెండూ నాలుగు మాత్రలకు స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్), పైన హై-హ్యాట్ (జంట తాళాలు). మావాడు ఆ ఖాళీలను నింపకుండా ఉండలేకపోయేవాడు. ఒక రాత్రి కర్రలు కింద పెట్టి, "ఒరేయ్, ఇందులో వాయించడం ఏమంత కష్టం కాదురా, ఆగడమే చేతకావడం లేదు" అన్నాడు. ఏసీ/డీసీ గురించి అంతకన్నా మంచి వ్యాఖ్య నేను ఇప్పటివరకు వినలేదు. మెటల్ తాళం ముందుకు తోస్తుంది, కూరుతుంది, ఖాళీని అనుమానంగా చూస్తుంది. ఏసీ/డీసీ తాళం ఊగుతుంది, కాళ్లను నడిపిస్తుంది. అది నృత్యానికి పుట్టిన సంగీతం నుంచి వచ్చిన ఊపు.

స్వరాల విషయంలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కర్ణాటక సంగీతంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి సులభంగా అందుతుంది కనుక ఆ మార్గంలోనే చెబుతాను. బ్లూస్ గిటారిస్టులు వాడే ఐదు స్వరాల మెట్లు మన శుద్ధ ధన్యాసి స్వరాలే: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. గమకాలు వేరు, రాగభావం వేరు, కానీ స్వరస్థానాలు ఒకటే. ఆంగస్ యంగ్ వాయించే సోలోల్లో అధికభాగం ఈ పరిధిలోనే తిరుగుతుంది. కింద రిథమ్ గిటారు కార్డులో అంతర గాంధారం (సాధారణ గాంధారం కన్నా ఒక మెట్టు పైది) మోగుతూ ఉంటే, పైన సోలోలో సాధారణ గాంధారం పలికి, తీగను పక్కకు లాగి, ఆ రెండు గాంధారాల మధ్య ఎక్కడో నిలపడం బ్లూస్‌కు ప్రాణం. ఏసీ/డీసీకి కూడా అదే ప్రాణం. వీటి మధ్య 'ప్రతి మధ్యమం' అనే స్వరం (శుద్ధ మధ్యమానికీ పంచమానికీ నడుమ ఉండేది) కూడా అప్పుడప్పుడు వస్తుంది, అయితే దారిలో తొక్కి దాటే మెట్టుగా మాత్రమే వస్తుంది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబత్ 1970లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాటను వినండి. పాట పేరు కూడా 'బ్లాక్ సబత్'. వాన చప్పుడు, చర్చి గంట, ఆ వెంటనే రిఫ్. అందులో షడ్జమం పలుకుతుంది, తార షడ్జమం పలుకుతుంది, అక్కడి నుంచి ప్రతి మధ్యమానికి దిగి అక్కడే ఆగిపోతుంది. బ్లూస్‌లో దాటిపోయే మెట్టు ఇక్కడ నివాసమైంది. ఆ స్వరం మీద నిలబడి కదలకపోవడంలోనే ఆ భయం అంతా ఉంది. హెవీ మెటల్ అక్కడ పుట్టిందని చాలామంది చెప్పడానికి కారణం ఇదే. ఆ రిఫ్ వాయించిన టోనీ ఐయోమీ రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నారు. ఎడమచేతి వాటం గలవారు కనుక తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, పలుచని తీగలు కట్టుకుని, 1971 నాటి మూడో ఆల్బమ్‌కు తీగల బిగువును ఒకటిన్నర స్వరం వరకు తగ్గించుకున్నారు. ఆ దిగిన శ్రుతి, ఆ బరువు తర్వాతి తరాలకు మెటల్ లక్షణాలయ్యాయి. ఆపై జూడాస్ ప్రీస్ట్ బ్లూస్ జాడలను క్రమంగా విడిచిపెట్టింది, ఐరన్ మెయిడెన్ జంట గిటారులతో వేగాన్ని తెచ్చింది, 1983లో మెటాలికా మొదటి ఆల్బమ్‌తో ఆ వేగం మరో మెట్టు ఎక్కింది. మెటల్ చరిత్ర ఒక రకంగా బ్లూస్‌కు దూరమవుతూ వెళ్లిన చరిత్ర. ఏసీ/డీసీ ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయలేదు. 1975లో ఆస్ట్రేలియాలో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట ఒక పాత బ్లూస్ పాట, అదే సంవత్సరం వచ్చిన రెండో ఆల్బమ్‌లో 1950ల రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ పాట ఉంది. 2020 నాటి 'పవర్ అప్' ఆల్బమ్‌లో కూడా వాళ్లు నిలబడిన నేల అదే.

వాళ్లు తమను తాము ఎప్పుడూ రాక్ అండ్ రోల్ బ్యాండ్‌గానే చెప్పుకున్నారు. దీన్ని గట్టి సాక్ష్యంగా కొందరు చూపిస్తారు కానీ, నేను దానికి అంత విలువ ఇవ్వను. మోటర్‌హెడ్ నాయకుడు లెమ్మీ కూడా తాము వాయించేది రాక్ అండ్ రోల్ అనే ప్రతి వేదిక మీదా చెప్పేవారు. అయినా మెటల్ అభిమానులు మోటర్‌హెడ్‌ను తమవాళ్లుగానే లెక్కిస్తారు, వాళ్ల సంగీతం వింటే ఆ లెక్క సరైనదే అనిపిస్తుంది.

మీ మిత్రుడి పక్షాన కూడా న్యాయం ఉంది. 1970లలోనూ 1980ల ఆరంభంలోనూ బ్రిటన్, అమెరికా పత్రికలు గట్టిగా మోగే బ్యాండ్లన్నిటినీ హెవీ మెటల్ అనే రాసేవి. ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్‌లో అప్పట్లో జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవంలో ఏసీ/డీసీ 1981, 1984, 1991 సంవత్సరాల్లో ప్రధాన బ్యాండ్‌గా వాయించింది, అక్కడికి వచ్చిన శ్రోతల్లో అధికులు మెటల్ అభిమానులే. 1989లో గ్రామీ పురస్కారాల్లో మొదటిసారిగా హార్డ్ రాక్‌నూ మెటల్‌నూ కలిపి ఒకే విభాగం పెట్టినప్పుడు, ఏసీ/డీసీ, మెటాలికా రెండూ అందులో పోటీపడ్డాయి, పురస్కారం మాత్రం మెటల్ కాని బ్రిటిష్ బ్యాండ్ జెత్రో టల్‌కు వెళ్లింది. మరుసటి సంవత్సరం ఆ విభాగాన్ని రెండుగా విడదీశారు. 2010లో ఏసీ/డీసీ గ్రామీ అందుకున్నది హార్డ్ రాక్ విభాగంలో. కనుక 1981లో ఒక కుర్రవాడు ఏసీ/డీసీని మెటల్ అని ఉంటే అతను తప్పు మాట్లాడలేదు. ఆ మాటకు అప్పుడున్న అర్థం వేరు. ఆ తర్వాత మెటల్ తనకంటూ వ్యాకరణం ఏర్పరచుకున్నది, ఏసీ/డీసీ ఉన్నచోటనే ఉండిపోయింది.

'హెల్స్ బెల్స్' గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మెటల్‌కు వాళ్లు అత్యంత సమీపంగా వచ్చిన పాట అదేనని నాకు అనిపిస్తుంది. గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో మరణించారు. బ్రయన్ జాన్సన్‌ను గాయకుడిగా తీసుకుని, బహమాస్‌లో రికార్డు చేసి, అదే సంవత్సరం జూలైలో 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ విడుదల చేశారు. అట్ట నల్లగా ఉండటం సంతాప సూచన. ఆల్బమ్‌లో మొదటి పాటైన 'హెల్స్ బెల్స్' గంటతో మొదలవుతుంది, ఆ వెంట నెమ్మదిగా, బరువుగా గిటారు వస్తుంది. సబత్ మొదటి పాట కూడా గంటతోనే మొదలైందని ఇంతకుముందే చెప్పాను. కానీ సబత్ గంట భయపెట్టడానికి మోగింది, ఈ గంట పోయినవాడి కోసం మోగింది. డ్రమ్స్ చేరగానే పాట ఊగడం మొదలుపెడుతుంది. దుఃఖంలో కూడా వాళ్లకు ఆ ఊపు వదలలేదు, ఆ పాటను నేను ఇష్టపడటానికి అది ఒక కారణం.

మీరిద్దరూ కలిసి ఒక పరీక్ష చేసుకోవచ్చు. 1991 సెప్టెంబరు 28న మాస్కో దగ్గరి తుషినో విమానాశ్రయ మైదానంలో ఏసీ/డీసీ, మెటాలికా, పాంటెరా, బ్లాక్ క్రోస్ ఒకే రోజు ఒకే వేదిక మీద వాయించాయి. ఆ వీడియోలు దొరుకుతాయి. పాంటెరా, మెటాలికా పాటలు ఒక్కొక్కటి విని, ఆ తర్వాత బ్లాక్ క్రోస్, చివరగా ఏసీ/డీసీ వినండి. బ్లాక్ క్రోస్ బ్లూస్ నేల మీద నిలబడిన రాక్ బ్యాండ్ అనడంలో ఎవరికీ సందేహం లేదు. ఏసీ/డీసీ ఏ వైపు కూర్చుంటుందో కళ్లు మూసుకుని విన్నా తెలుస్తుంది. మెటాలికా ఇటీవలి సంవత్సరాల్లో తన ప్రదర్శన మొదలయ్యే ముందు మైదానంలో వినిపించేది ఏసీ/డీసీ 1975 నాటి పాట, బ్యాగ్‌పైప్స్ మోగే 'ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్'. పెద్దవాళ్లకు నమస్కరించి పనిలోకి దిగినట్టు ఉంటుంది అది. మెటల్ వాళ్లు వీళ్లను గౌరవిస్తారు, వీళ్ల దగ్గర నేర్చుకున్నారు, కానీ ఇంటిపేరు వేరు.

వీడియోలు చూసే తీరిక లేకపోతే, 1976లో వచ్చిన 'రైడ్ ఆన్' ఒక్కటి మీ మిత్రుడికి వినిపించండి. బాన్ స్కాట్ గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, గిటారు ఎక్కడా అరవదు, ఎవరూ లేని దారిలో నడుస్తున్న మనిషి పాట అది. మేము ఉత్సవంలో 'హైవే టు హెల్' పెడల్ లేకుండానే వాయించాం. 'రైడ్ ఆన్' మాత్రం వేదిక మీదికి తీసుకువెళ్లే ధైర్యం చేయలేకపోయాం, అంత నెమ్మదిగా నడిచే పాటను నిలబెట్టడానికి కావలసిన పట్టు మాలో ఎవరికీ అప్పటికి రాలేదు.