ఎఫ్‌డీ తీసి, అప్పు చేసి చీరల వ్యాపారమా?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 58,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 18,500తో కలిపి ఖర్చులు 49,000. తెలిసినావిడ దగ్గర లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాం. 20 నెలల చీటీలో 11 నెలలు అయ్యాయి. ఇద్దరు చిన్నపిల్లలు, 71 ఏళ్ల మా అత్తయ్య మాతోనే ఉంటారు. ఏడాదిగా ఇంట్లో లైనింగ్ జాకెట్లు కుడుతున్నాను. ఒక్కోటి 350 చొప్పున నెలకు 20 దాకా అవుతాయి, ఖర్చులు పోను 6,000 మిగులుతుంది, అది చిల్లర ఖర్చులకే పోతోంది. ఇప్పుడు ముందు గదిలో బొటిక్ పెట్టాలని ఉంది. చీరల సరుకు 2.2 లక్షలు, షెల్ఫులు, అద్దాలు, లైట్లు 1.25 లక్షలు, మిషన్లు 65,000, మొత్తం 4.1 లక్షలు కావాలి. ఎఫ్‌డీ 1.6 లక్షలు తీసేసి, మిగతా 2.5 లక్షలు ఒక ఫైనాన్స్ కంపెనీలో 12 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్లకు తీసుకుందామనుకుంటున్నాం. రెండో నెల నుంచి 25,000 వస్తుందని అంచనా. మధ్యలో అవసరమైతే లోన్ యాప్ ఉండనే ఉంది. క్రెడిట్ కార్డులో 62,000 బాకీ ఉంది, ఆ ఖర్చుల్లోంచే నెలనెలా కనీస మొత్తం 3,100 కడుతున్నాం. చీటీ పాడేయమంటారా, 8 తులాల బంగారం తాకట్టు పెట్టమంటారా? మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 2,000 సిప్ కూడా మొదలుపెట్టాలని ఉంది. వడ్రంగికి ఇప్పటికే 10,000 అడ్వాన్సు ఇచ్చాం.

జవాబు: మీ లెక్కలో బొటిక్‌కి పెట్టుబడి ఉంది, అలంకరణ ఉంది, ఆదాయం ఉంది. ఒక నెల జీతం రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నగదు నిల్వ ఆ ఎఫ్‌డీ. దాన్నే పెట్టుబడి అనుకోవడం, ఇంకా రాని ఆదాయాన్ని చూసుకుని ఈఎంఐకి సంతకం పెట్టడం అనే రెండు పొరపాట్లూ అదనపు సంపాదన మొదలుపెట్టే చాలా ఇళ్లలో జతగానే కనిపిస్తాయి. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం అదే.

ముందు కార్డు సంగతి. 62,000 మీద నెలకు 3.5 శాతం వేసుకుంటే వడ్డీ 2,170, దానిపై 18 శాతం జీఎస్టీ 390. అంటే మీరు కట్టే 3,100లో 2,560 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 540 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డుతో కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. నిల్వ డబ్బు ముట్టుకోవద్దని పోరుపెట్టే నేను ఈ ఒక్కదానికి ఒప్పుకుంటాను. ఎఫ్‌డీ నుంచి 62,000 తీసి ఈ వారమే కార్డు మొత్తం కట్టేయండి. ముందుగా తీసినందుకు బ్యాంకు వడ్డీలో కొంచెం కోత వేస్తుంది, ఏడాదికి 42 శాతం వడ్డీ ముందు అదొక లెక్క కాదు. కట్టాక కూడా తర్వాతి బిల్లులో కొంత వడ్డీ కనిపిస్తుంది. అది బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు పడినది, దాన్నీ కట్టేస్తేనే ఖాతా శుభ్రమవుతుంది. ఆ తర్వాత ఆటో డెబిట్‌ను 'కనీస మొత్తం' నుంచి 'పూర్తి మొత్తం'కి మార్పించండి.

ఇక్కడ ఇంకో మాట అనక తప్పదు. మీ అంకెల ప్రకారం ఖర్చులు, చీటీ పోను జీతంలో 4,000, కుట్టులో 6,000, మొత్తం నెలకు 10,000 మిగలాలి. అంత మిగిలే ఇంట్లో కార్డు బాకీ 62,000 ఎలా పేరుకుంది? 49,000 అన్నది నిజమైన ఖర్చు కాదు, గుర్తున్న ఖర్చు మాత్రమే. రెండు నెలలు ప్రతి రూపాయీ రాయండి. కుట్టు డబ్బుకు మీ పేరున వేరే ఖాతా తెరిచి, కస్టమర్లు ఆ ఖాతా క్యూఆర్‌కే కట్టేలా చూడండి. కూరగాయల డబ్బు, జాకెట్ల డబ్బు ఒకే పర్సులో ఉన్నంతకాలం మీ పని లాభమో నష్టమో మీకు తెలియదు.

ఇప్పుడు ఆ ఫ్లాట్ వడ్డీ. 2.5 లక్షలకు ఏటా 12 శాతం చొప్పున మూడేళ్లకు 90,000. మొత్తం 3.4 లక్షలను 36తో భాగిస్తే ఈఎంఐ 9,444. చివరి నెలలో అసలు దాదాపు తీరిపోయాక కూడా మీరు మొదటి రోజు అప్పు మీదే వడ్డీ కడుతుంటారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే ఇంకా పైకి పోతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి రుణాలకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల పత్రం, ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో 'ఏపీఆర్' అనే అంకె ఉంటుంది, వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే రేటు అదే, అడిగి అది చూడండి. ఏజెంటు నోటితో చెప్పే 12ని మర్చిపోండి.

ఈ ఈఎంఐ చేరితే ఇంటి లోను, చీటీ, కార్డుతో కలిపి నెలకు కట్టి తీరాల్సింది 36,044. జీతంలో ఇది 62 శాతం. ఆయన కంపెనీ జీతం 20 రోజులు ఆలస్యం చేసిందంటే చాలు, ఈఎంఐ బౌన్స్ అవుతుంది, బ్యాంకు ఒక పక్క, అప్పిచ్చినవారు ఇంకో పక్క చార్జీ వేస్తారు, సిబిల్ స్కోరు పడుతుంది. అప్పుడు మీరు చేసేది నాకు తెలుసు, ఉత్తరంలో మీరే రాశారు: యాప్ లోన్. ఫోనులోని నంబర్లకు ఫోన్లు చేసి పరువు తీసే యాప్‌ను అత్యవసర నిధి అనుకోవడం నాకు మింగుడుపడటం లేదు. దాని గురించి ఇంతకన్నా రాయను.

చీరల లెక్క మీరు వేయలేదు, నేను వేస్తాను. సగటున 1,100 పడితే 2.2 లక్షలకు 200 చీరలు వస్తాయి. పాతిక శాతం లాభం వేసుకుంటే చీరకు 275. ఒక్క ఈఎంఐ కట్టడానికే నెలకు 35 చీరలు అమ్ముడుపోవాలి, అదీ చేతికి డబ్బొచ్చేలా. ఇరుగుపొరుగు మాత్రం 'రెండు మూడు నెలల్లో ఇస్తాలే' అంటారు. మీరు కాదనలేరు. రంగు నచ్చకో, ఫ్యాషన్ మారో 200లో 40 చీరలు మిగిలాయనుకోండి, అక్కడ ఇరుక్కున్న డబ్బు 44,000. మిగతా 160 చీరలు అమ్మి సంపాదించే లాభం కూడా సరిగ్గా 44,000. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లి ఆర్డర్లు ఎలా పడిపోతాయో ఏడాదిగా కుడుతున్న మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నెలల్లోనూ ఈఎంఐ తేదీ మారదు.

మీ చేతిలో ఇప్పటికే నిరూపితమైన పని కుట్టు. పిల్లలు స్కూలుకు వెళ్లాక రోజుకు నాలుగు గంటలు, నెలకు 25 రోజులు అనుకుంటే 100 గంటలు. కటింగ్ నుంచి హుక్స్ దాకా జాకెట్టుకు రెండున్నర గంటలు పడితే 40 జాకెట్లు, అంటే 14,000. దారాలు, లైనింగు, కరెంటు పోను ఇంకా తక్కువ. మీరు అనుకున్న 25,000 ఈ గంటల్లో రాదు. రావాలంటే హెమ్మింగు, హుక్స్, కాజాల పని ముక్కకింత అని ఎవరికైనా ఇచ్చి ఆ సమయంలో మీరు కటింగ్ చేయాలి, లేదా ఎక్కువ రేటు పలికే మగ్గం వర్కుకు వెళ్లాలి. చీరలు పెట్టి తీరాలనుకుంటే ఫొటో చూపించి, సగం డబ్బు ముందు తీసుకుని తెప్పించండి. సరుకు కొని పేర్చుకోవద్దు.

ఇక నేను అడిగేది అత్యవసర నిధి. కార్డు తీరాక నెల ఖర్చు 45,900. ఆరు నెలలకు 2,75,400 కావాలి. ఎఫ్‌డీలో మిగిలేది 98,000, కనుక లోటు 1,77,400. ఆ 98,000ను ఇలా పెట్టండి: 48,000 సేవింగ్స్ ఖాతాలో, మిగతాది 25,000 చొప్పున రెండు ఎఫ్‌డీలుగా. అవసరానికి ఒకటి తీసినా రెండోదాని వడ్డీ చెడదు. ఖాతా, ఎఫ్‌డీలు మీ ఇద్దరి పేర్ల మీదా 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికి ఉన్నవారు) పద్ధతిలో ఉండాలి. ఆయన ఒక్కరి పేరునే ఉంటే, ఆయనే ఆస్పత్రిలో పడిన రోజు ఆ డబ్బు మీకు అందదు. స్కూలు ఫీజు, పండగ బట్టలు, బండి ఇన్సూరెన్స్ అత్యవసరాలు కావు, అవి ఏడాదికోసారి వస్తాయని అందరికీ తెలుసు. వాటికి వేరే రికరింగ్ డిపాజిట్ వేసుకోండి.

నెలకు మిగిలే 4,000, కార్డు బాకీ తీరడం వల్ల ఆదా అయ్యే 3,100, కుట్టు డబ్బు 6,000 కలిపితే 13,100. బీమా ప్రీమియంలకు 3,000 తీసేసినా 10,100 ఈ నిధికి వెళ్లాలి. తొమ్మిది నెలలకు 90,900. అప్పటికి చీటీ ముగిసి, కమీషన్ 5 శాతం పోను 95,000 వస్తే లోటు పూడినట్టే. అందుకే చీటీ ఇప్పుడు పాడొద్దు. తొమ్మిది నెలలు మిగిలి ఉండగా పాడితే పాటలో వదులుకునే మొత్తమంతా మీరు కట్టే వడ్డీయే. తెలిసినావిడ నడిపే చీటీ రిజిస్టరయినది కాకపోతే ఆ 95,000 చేతికొచ్చేదాకా మీది కాదనుకోండి. ఇది అయ్యాక అలాంటిది ఇంకోటి వేయకండి.

మీరు అసలు ప్రస్తావించనిది బీమా. 17 ఏళ్లో 20 ఏళ్లో నడిచే ఇంటి లోను ఉండి మీవారికి టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే రేపే దరఖాస్తు చేయండి. కోటి రూపాయలకు తగ్గొద్దు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటామని దరఖాస్తులోనే టిక్ చేయండి. ఆ డబ్బు మీకు, పిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్లు దానిపై చెయ్యి వేయలేరు. పాలసీ వచ్చాక దీన్ని చేర్చడం కుదరదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి మీ ఇద్దరికీ, పిల్లలిద్దరికీ కలిపి సొంతంగా ఒకే పాలసీ, అంటే ఫ్లోటర్, ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. మీ అత్తయ్యకు 70 దాటాయి కనుక ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఆధార్‌తో నమోదు చేయించి, మీకు దగ్గర్లో ఏ ఆస్పత్రులు ఆ జాబితాలో ఉన్నాయో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

నిధి నిండాక పెట్టుబడికి అప్పు కావాలనుకుంటే 21 శాతం దాకా పోనక్కర్లేదు. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. అర్హత కుదిరితే మొదటి విడత లక్ష రూపాయలు 5 శాతం వడ్డీకి, 18 నెలల గడువుతో ఇస్తారు, పనిముట్లకు 15,000 విడిగా. కుటుంబానికి ఒక్కరికే. అది కుదరకపోతే బ్యాంకులో ముద్రా రుణం అడగండి, తాకట్టు అక్కర్లేదు. సిప్ తొమ్మిది నెలలు ఆగొచ్చు. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

వడ్రంగికి ఇచ్చిన 10,000 వెనక్కి రాకపోవచ్చు. షెల్ఫులు మానేసి, ఆ డబ్బుకు నడుమెత్తు కటింగ్ టేబుల్ ఒకటి చేయించుకోండి. కింద రెండు సొరుగులు పెట్టించండి, ఒకటి దారాలకు, ఒకటి ఆర్డరు పుస్తకానికి.