తలకు రాసిన వేపనూనె వాసన భరించలేకపోతుంటే ఏం చేయాలి?

చుండ్రు తగ్గుతుందని వేపనూనె రాస్తే ఇంట్లో ఎవరూ పక్కన కూర్చోవడం లేదని కొందరు అంటుంటారు. ఆ ఘాటుకు ముఖ్య కారణం నూనెలోని గంధకపు సమ్మేళనాలు. వెల్లుల్లి వాసన కూడా ఈ కోవదే. అంటే నూనె పాడైందని కాదు. అసలు వాసనే లేకపోతే అది బాగా శుద్ధి చేసిందో, కల్తీదో అయ్యుంటుంది.

పైన సెంటు కొట్టకండి, రెండూ కలిసి ఇంకా వికారంగా ఉంటుంది. పలచన చేయడమే అసలు మార్గం. 10 చెంచాల కొబ్బరినూనెకు 1 చెంచా వేపనూనె చాలు. మాడుకూ అదే మంచిది. నేరుగా రాస్తే కొందరికి మంట, దురద వస్తాయి. కొబ్బరినూనెలో ముందే వట్టివేళ్లు, కచ్చూరాలు (సువాసన దుంపలు) వేసి సన్నసెగ మీద కాచి, చల్లారాక వడకట్టి, అప్పుడు వేపనూనె కలపండి. ఘాటు పూర్తిగా పోదు కానీ బాగా అణుగుతుంది.

రాత్రంతా ఉంచుకోనక్కర్లేదు. తలస్నానానికి అరగంట ముందు మాడుకు మాత్రమే పట్టించి, కుంకుడురసంతోనో షాంపూతోనో రెండుసార్లు రుద్దండి. తల కడిగినా వాసన వస్తోందంటే దువ్వెన, దిండు గలీబు చూడండి, చాలాసార్లు అది మిగిలేది అక్కడే. అన్నట్టు, సీసా చిన్నపిల్లలకు అందనివ్వకండి. వేపనూనె వాళ్ల కడుపులోకి వెళ్తే ప్రమాదం.